మోనికమ్మ దిద్దుకున్న దారి

1945 వేసవిలో రోమ్‌కు దగ్గర్లోని ఓస్టియాలో ఇద్దరు పిల్లలు ఆటస్తంభం పాతడానికి గుడి పక్క ఆవరణలో గొయ్యి తవ్వుతున్నారు. అక్షరాలు చెక్కిన రాతిపలక ముక్క ఒకటి బయటపడింది. పండితులు చదివి చూస్తే అది ఒక తల్లి సమాధిరాత. అందులోని పద్యం పాత రాతప్రతుల్లో ఉన్నదే కానీ రాయి మాత్రం కళ్లబడటం అప్పుడే. ఆ తల్లి 387లో, ఆఫ్రికాకు వెళ్లే ఓడ కోసం ఎదురుచూస్తూ ఓస్టియాలోనే జ్వరంతో కన్నుమూసిన మోనిక. మన కథోలిక గుళ్లలో ఏటా ఆగస్టు 27న పండుగ చేసుకునే పునీత మోనికమ్మ.

ఆమె గురించి మనకు తెలిసినదంతా దాదాపు కొడుకు రాసిందే. ఆ కొడుకు అగస్తీను. పడమటి క్రైస్తవ లోకపు ఆలోచనను ఆయనంతగా మలిచినవాళ్లు అరుదు. పటాల్లో మోనికమ్మ చేతిలో రుమాలు, కళ్లలో నీళ్లు ఉంటాయి. ప్రసంగాల్లోనూ అదే కథ: ఏళ్ల తరబడి ఏడ్చింది, ప్రార్థించింది, దారి తప్పిన కొడుకు మారాడు. ఈ కథ విని మా ఊళ్లలో ఎంతోమంది తల్లులు ధైర్యం తెచ్చుకున్నారు, కాదనను. కానీ దీంట్లో ఒక బరువు కూడా ఉంది. కొడుకు తాగుడు మానకపోతే, కూతురి కాపురం నిలవకపోతే, తన కన్నీళ్లే చాల్లేదేమో అనుకునే తల్లిని నేను చూశాను. ఆ బరువు ఆమె మోయాల్సింది కాదు. అగస్తీను రాసింది నిదానంగా చదివితే కనిపించే మోనిక వేరు. ఆమె పదేపదే పొరబడింది, తెలిసిన ప్రతిసారీ దిద్దుకుంది. ఆమె విశ్వాసంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది అదే.

చిన్నప్పుడు పీపాలోంచి ద్రాక్షారసం తెమ్మని పంపితే, దారిలో కొంచెం కొంచెం చప్పరించడం మొదలుపెట్టింది. అది రోజూ గిన్నెల లెక్కకు పెరిగింది. ఒకరోజు పనిపిల్లతో మాటామాటా వచ్చి, ఆ పిల్ల తాగుబోతా అని ఎగతాళి చేసింది. ఆ మాట సూదిలా గుచ్చుకుంది. అంతే, ఆ అలవాటు పోయింది. తల్లిని పునీతగా నిలబెట్టాలనుకున్న కొడుకు ఈ సంగతి దాచిపెట్టలేదు.

ఊరు తగాస్తే. ఇప్పటి అల్జీరియాలో సూక్ అహ్రాస్. భర్త పాట్రీషియస్ క్రైస్తవుడు కాదు, కోపిష్టి, భార్య ఒక్కతితో ఉండే మనిషీ కాదు. దెబ్బల గుర్తులున్న మొహాలతో ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి మొర పెట్టుకుంటే, పెళ్లి పత్రం చదివినరోజే మనం దాసీలమయ్యామనుకోండి, ఎదురు చెప్పకండి అని నవ్వుతూనే హితవు చెప్పేదట. ఆ కాలపు రోమన్ ఇంట్లో బతికి బయటపడే ఉపాయం అది. ఈరోజు ఏ గుడి వేదిక మీద నుంచైనా ఈ మాటను ఆదర్శంగా చెబితే నేను ఒప్పుకోను. దెబ్బ తిన్న ఆడపిల్లకు ఓర్చుకో అని చెప్పడం సువార్త కాదు.

అగస్తీను 354 నవంబరు 13న పుట్టాడు. తెలివైనవాడు. ఇంట్లో డబ్బు అంతంతమాత్రం, తండ్రికి కొడుకు పెద్ద చదువు చదవాలన్న ఆశ. తల్లికీ అంతే. పదహారేళ్లకు వాడి కుర్రతనం కట్టు తప్పుతోందని ఆమెకు తెలుసు. హెచ్చరించింది కూడా. పెళ్లి మాత్రం తలపెట్టలేదు. పెళ్లైతే చదువు చెడుతుందని భయం. తర్వాత కొడుకే ఈ లెక్కను నిష్ఠూరంగా రాశాడు. చదువు, ఉద్యోగం, పరువు అన్న మాటల మీద నడిచే మన ఇళ్లకు ఈ తల్లి కొత్తదేమీ కాదు.

కార్తేజ్ నగరంలో అతను ఒక స్త్రీతో కలిసి బతికాడు, కొడుకు అడియోడాటస్ పుట్టాడు. పర్షియా దేశపు మానీ బోధలను నమ్మే బృందంలోనూ చేరాడు. తల్లికి అది తట్టుకోరాని దెబ్బ. ఇంట్లో ఉండనివ్వనంది, తన పళ్లెం దగ్గర కూర్చోనివ్వనంది. తర్వాత ఒక కల వచ్చింది: తాను చెక్క కొలబద్ద మీద నిలబడి ఉంది, వెలుగు మొహంతో వచ్చిన యువకుడు, నువ్వున్నచోటే నీ కొడుకూ ఉన్నాడు చూడు అన్నాడు. లేచి కొడుకును మళ్లీ ఇంట్లోకి రానిచ్చింది. నువ్వే నా దగ్గరకు వస్తావని దాని అర్థమేమో అని అతను వాదిస్తే, అలా అనలేదు, నువ్వే నా దగ్గర ఉంటావన్నాడు అని ఆమె క్షణం ఆగకుండా జవాబిచ్చింది. కలకన్నా ఆ జవాబే తనను కదిలించిందంటాడు అగస్తీను.

383లో రోమ్ వెళ్లాలనుకున్నాడు. తల్లి రేవు దాకా వచ్చి పట్టుకుంది. స్నేహితుణ్ని సాగనంపి వస్తానని అబద్ధం చెప్పి, ఆమె సిప్రియన్ పేరిట ఉన్న చిన్న గుడిలో రాత్రంతా ప్రార్థిస్తుండగా ఓడ ఎక్కేశాడు. తెల్లారి ఒడ్డున ఆమె పిచ్చిదానిలా ఏడ్చింది. ఆ రాత్రి ఆమె దేవుణ్ని అడిగింది ఒకటే, కొడుకు వెళ్లకూడదని. ఆ ప్రార్థన నెరవేరలేదు. అతను వెళ్లినందువల్లే మిలాన్ చేరాడు, బిషప్ అంబ్రోసు మాటలు విన్నాడు.

385లో ఆమె సముద్రం దాటి మిలాన్ వచ్చింది. ఆఫ్రికాలో అలవాటు ప్రకారం వేదసాక్షుల సమాధుల దగ్గరకు జావ, రొట్టె, ద్రాక్షారసం బుట్టలో పెట్టుకుని బయల్దేరింది. గుమ్మం దగ్గర కాపలావాడు ఆపాడు. బిషప్ ఆజ్ఞ అన్నాడు. తాగుబోతులకు సాకు దొరకకూడదని, పాతకాలపు పితృపూజల పోలిక రాకూడదని అంబ్రోసు మాన్పించాడు. జీవితమంతా చేసిన ఆచారం, పరాయి ఊళ్లో, ఒక కాపలావాడి చేత ఆగిపోయింది. ఆమె వాదించలేదు. బుట్టలో పెట్టేది బీదలకు పంచింది, సమాధుల దగ్గరకు ప్రార్థన మాత్రం తీసుకెళ్లింది.

386లో మిలాన్‌లోని ఒక తోటలో అగస్తీను మనసు క్రీస్తు వైపు తిరిగింది. నేరుగా లోపలికెళ్లి చెప్పింది తల్లికే. ఆ శరత్కాలంలో మిలాన్‌కు దగ్గర్లోని కస్సికియాకుమ్ అనే పల్లెలో ఒక స్నేహితుడి ఇంట్లో అందరూ ఉన్నారు. కొడుకు, శిష్యులు సుఖమంటే ఏమిటని చర్చిస్తున్నారు. కోరుకున్నది దొరికితే సుఖమేనా అన్న ప్రశ్నకు, మంచిది కోరి పొందితే సుఖం, చెడ్డది కోరితే దొరికినా దుఃఖమే అంది మోనిక. తత్వశాస్త్రపు కోటనే పట్టుకున్నావమ్మా అని కొడుకు పొంగిపోయాడు. ఆమె మాటలు రాసుకొమ్మన్నాడు. ఆడవాళ్లను ఇలాంటి పుస్తకాల్లోకి ఎక్కించడం ఎక్కడైనా విన్నామా అని ఆమె ఆశ్చర్యపోయింది. రుమాలు పట్టుకున్న పటంలో ఈ మోనిక కనిపించదు. ఆ పటం పక్కన ఈమె పటం కూడా ఉండాలి.

387 ఈస్టర్ జాగరణ రాత్రి అగస్తీను, అతని కొడుకు అడియోడాటస్ అంబ్రోసు చేతుల మీదుగా జ్ఞానస్నానం పొందారు. ఓస్టియాలో కిటికీ పక్కన తల్లీకొడుకులు నిత్యజీవం గురించి మాట్లాడుకున్న తర్వాత కొద్ది రోజులకే ఆమె మంచం పట్టింది. భర్త పక్కనే సమాధి సిద్ధం చేసి పెట్టుకున్న మనిషి, ఈ ఒంటిని ఎక్కడైనా పెట్టండి, బలిపీఠం దగ్గర నన్ను తలుచుకోండి చాలు అంది. తొమ్మిదో రోజున, 56 ఏళ్ల వయసులో పోయింది.

ఇదే కథలో ఇంకో తల్లి ఉంది, ఆమె సంగతి చెప్పకుండా మోనికమ్మను పొగడటం నాకు చేతకాదు. అడియోడాటస్ తల్లి. పదిహేనేళ్ల దాకా అగస్తీనుతో కాపురం చేసింది. మిలాన్‌లో కొడుక్కు గొప్పింటి పెళ్లి కుదర్చడంలో మోనిక ముందుంది. పెళ్లికూతురికి ఇంకా చట్టం చెప్పిన వయసు రాలేదు, రెండేళ్లు ఆగాలి. అడ్డుగా ఉందని అడియోడాటస్ తల్లిని ఆఫ్రికాకు పంపేశారు. ఇంకో మగవాణ్ని ఎరగనని మొక్కుకుని, కన్నకొడుకును వదిలి వెళ్లింది. ఆ పెళ్లి జరగనే లేదు. గుండె చీలి నెత్తురు కారిందని రాసుకున్న అగస్తీను ఆమె పేరు మాత్రం రాయలేదు. మోనికమ్మ దిద్దుకున్న తప్పుల జాబితాలో ఇది లేదు. ఆమె దీనికి బాధపడినట్టు ఎక్కడా కనిపించదు.

అడియోడాటస్ ఆఫ్రికాకు తిరిగొచ్చిన కొద్దికాలానికే, కుర్రతనంలోనే చనిపోయాడు. తల్లి కథ రాసిన తన పుస్తకం చదివేవాళ్లు మోనికను, పాట్రీషియస్‌ను బలిపీఠం దగ్గర తలుచుకోవాలని అగస్తీను వేడుకున్నాడు, పదహారు వందల ఏళ్లుగా తలుచుకుంటూనే ఉన్నారు. ఆగస్టు 27న మోనికమ్మ పేరిట తల్లుల కోసం ప్రార్థన జరిగే ప్రతి గుడిలో, కొడుకును వదిలి ఓడ ఎక్కిన ఆ తల్లిని కూడా తలుచుకోవాలని నా కోరిక. ఆమె పేరు మనకు తెలియకపోవడం అందుకు అడ్డం కాదు.