వాట్సాప్‌లో అమ్మినా అది వ్యాపారమే!

ఆన్‌లైన్‌లో బియ్యం అమ్మే మనలో చాలామంది మాట ఒకటే: ఆర్డర్లు వస్తున్నాయి కానీ డబ్బులు మిగలట్లేదు. మొదటి ఏడాది నా పరిస్థితీ ఇదే.

మా వన్ టౌన్ కాళేశ్వరరావు మార్కెట్ వైపు వ్యాపారులు షట్టర్ వేసే ముందు చిట్టా రాసుకుంటారు. మనమేమో ఫోన్‌పేలో డబ్బు పడగానే లాభం అనుకుంటాం.

నా లెక్కే చెప్తాను. 5 కిలోల దేశీ బియ్యం 450 రూపాయలు, కొరియర్ ఫ్రీ అని పెట్టాను. ధాన్యం, ఆడించిన కూలి, నూక తరుగు కలిపి బియ్యానికి 300. సంచి, అట్టపెట్టె 25. కొరియర్ 120. మిగిలింది 5 రూపాయలు! ప్యాకింగ్ చేసిన నా కూలి ఇందులో లేదు. ఒక్క పార్సిల్ చిరిగి పాడైతే దాదాపు 90 ఆర్డర్ల మిగులు పోయినట్టే.

అందుకే మూడు మార్పులు చేశాను.

1. అమ్మకాలకు వేరే బ్యాంకు ఖాతా తెరిచాను. అందులోంచి నెలకు నా కూలి మాత్రమే తీసుకుంటాను, ఇంటి ఖర్చు ముట్టను.

2. కొరియర్ చార్జీ బిల్లులో విడిగా వేస్తున్నాను. విజయవాడ వాళ్లకు వారానికి ఒకరోజు నేనే తీసుకెళ్లి ఇస్తాను.

3. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకున్నాను. లేబుల్ మీద ఆ 14 అంకెల నంబరు, బరువు, ప్యాక్ చేసిన నెల, ఎంఆర్‌పీ ఉంటాయి. సేంద్రియ లోగో వేయాలంటే పీజీఎస్-ఇండియా లేదా ఎన్‌పీఓపీ సర్టిఫికెట్ ఉండాలి, నోటి మాట చాలదు.

కొందరు కొనడం మానేశారు, నిజమే. ఉన్నవాళ్లతోనే సాగు నిలబడింది. జీవామృతంలో బెల్లం, పిండి కొలిచి వేసే మనం అమ్మకంలో ఉజ్జాయింపుగా పోతే ఎలా?

నా చిట్టా పుస్తకం వీడియోలో చూపించాను. మీ చివరి పది ఆర్డర్లకు ఈ రాత్రే లెక్క వేసి చూడండి.