చెంబులో చీటీలు, కంప్యూటర్‌లో పేర్లు

మా ఊరి తెలుగు బడిలో ప్రతి ఆదివారం పాఠం మొదలయ్యే ముందు ఒకరు లేచి పద్యం చెప్పాలి. పిల్లలు పదిమంది. ఎవరిని పిలిచినా "ఎప్పుడూ వాళ్ళనే పిలుస్తారు" అని మిగతావాళ్ళు మూతి ముడుచుకునేవారు. కంప్యూటర్ ఉద్యోగం చేసేవాణ్ణి కదా, ఆ గొడవ తీర్చడానికి జావాస్క్రిప్ట్‌లో చిన్న ప్రోగ్రాము రాశాను. మీట నొక్కితే జాబితాలోంచి ఒక పేరు తెర మీదికి వస్తుంది. ఇక పక్షపాతం మాట ఎవరూ ఎత్తలేరని నా ధీమా.

30 వారాలు గడిచాయి. బడికి సెలవులిచ్చే రోజున ఒక తల్లి నన్ను పక్కకు పిలిచింది. "అన్నయ్యగారూ, మా అమ్మాయి ఏడాదంతా పద్యం బట్టీపట్టి వస్తోంది. ఒక్కసారి కూడా పేరు రాలేదు. మీ కంప్యూటర్‌కి మా పిల్లంటే కోపమా?" అంది నవ్వుతూనే. "అదృష్టమమ్మా, మన చేతుల్లో ఏముంది?" అన్నాను నేనూ నవ్వుతూనే.

ఇంటికి వచ్చాక ఆ మాట నన్ను వదల్లేదు. ఆ అమ్మాయి పేరు 'అ'తో మొదలవుతుంది, జాబితాలో మొదటిది. చిట్టచివర 'హ' దగ్గరున్న అబ్బాయికి అవకాశం వచ్చింది ఒకే ఒక్కసారి. అనుమానం వచ్చి, అదే ప్రోగ్రాముతో లక్షసార్లు పేరు తీయించి చూశాను. మధ్యనున్న ఎనిమిది మందికీ సుమారు 11,000 సార్ల చొప్పున వచ్చింది. కొసలనున్న ఇద్దరికీ సుమారు 5,500 సార్లే. తప్పు అదృష్టానిది కాదు, నాది.

ఆ తప్పేమిటో చెబుతాను. జావాస్క్రిప్ట్‌లో 'మ్యాథ్ డాట్ రాండమ్' అని అడిగితే సున్నాకీ ఒకటికీ మధ్య ఏదో ఒక దశాంశ సంఖ్య ఇస్తుంది. సున్నా రావచ్చు గాని ఒకటి మాత్రం ఎన్నడూ రాదు. జాబితాలో పేర్ల లెక్క సున్నాతో మొదలవుతుంది కనుక పది పేర్లకు 0 నుంచి 9 దాకా స్థానాలు. నేను ఆ దశాంశాన్ని 9తో గుణించి, దగ్గర్లో ఉన్న పూర్ణాంకానికి సవరించాను. చూడటానికి సబబుగానే ఉంది కదా!

తొమ్మిది గజాల చీరను పదిమందికి ఇలా పంచారనుకోండి. అర గజం నుంచి ఒకటిన్నర గజం దాకా రెండోవారిది, ఒకటిన్నర నుంచి రెండున్నర దాకా మూడోవారిది. ఇలా మధ్యవాళ్ళు ఎనిమిది మందికీ తలో గజం వస్తుంది. ఈ చివరా ఆ చివరా ఉన్న ఇద్దరికీ మిగిలేది చెరో అర గజమే. నా లెక్క చేసిన పంపకం సరిగ్గా ఇదే.

చేయవలసింది 10తో గుణించి, దశాంశ భాగాన్ని కొట్టేయడం. 'మ్యాథ్ డాట్ ఫ్లోర్' చేసే పని అదే. అప్పుడు పది గజాలు, పదిమంది, తలో గజం. పైథాన్‌లోనైతే ఈ తిప్పలు లేవు. 'రాండమ్ డాట్ ఛాయిస్' అని జాబితా చేతికిస్తే చాలు, ఆ లెక్క అదే చూసుకుంటుంది.

ఆ తల్లికి ఫోన్ చేసి తప్పు నాదేనని ఒప్పుకున్నాను. "లెక్క సరిచేశారు సరే, వచ్చే ఏడైనా మా పిల్ల పేరు వస్తుందా?" అని అడిగిందావిడ. తప్పకుండా వస్తుందనబోయి ఆగాను. నా తప్పు లెక్కలో ఆ అమ్మాయి పేరు 30 వారాల్లో ఒక్కసారి కూడా రాకపోవడానికి 100కి 18 పాళ్ళు అవకాశం ఉంది. సరైన లెక్కలో అది 4 పాళ్ళకు తగ్గుతుంది గాని సున్నా కాదు. పైగా పదిమందిలో ఎవరో ఒకరైనా మిగిలిపోయే అవకాశం 100కి సుమారు 37. అవకాశం సమానంగా ఇవ్వడం వేరు, వంతు సమానంగా ఇవ్వడం వేరు. ఆవిడ అడుగుతున్నది వంతు.

మన ఇళ్ళల్లో చెంబులో చీటీలు వేసి చిన్నపిల్లల చేత తీయిస్తాం. తీసిన చీటీని మళ్ళీ చెంబులో వేస్తే అది నేను రాసిన ప్రోగ్రాము. పక్కన పెట్టేస్తే పది చీటీలు అయ్యేసరికి అందరి వంతూ వస్తుంది. కంప్యూటర్‌లో దీన్నే 'షఫుల్' అంటారు. 1938లో రొనాల్డ్ ఫిషర్, ఫ్రాంక్ యేట్స్ అనే గణాంక శాస్త్రజ్ఞులు కాగితం మీద చేసుకోవడానికి ఇచ్చిన పద్ధతిని 1964లో రిచర్డ్ డర్‌స్టెన్‌ఫెల్డ్ కంప్యూటర్‌కు తగినట్టు మార్చాడు. పైథాన్‌లో 'రాండమ్ డాట్ షఫుల్' అంటే చాలు, జాబితా మొత్తం కలిసిపోతుంది. పై నుంచి ఒక్కొక్క పేరే పిలుచుకుంటూ పోవడమే.

మరుసటి ఏడు అలాగే చేశాం. 30 వారాల్లో అందరికీ మూడేసి సార్లు వంతు వచ్చింది. మూడో ఆదివారమే ఆ అమ్మాయి లేచి తడుముకోకుండా పద్యం చెప్పింది. ఈ పద్ధతిలో ఒక్కటే చిక్కు. పదో ఆదివారం ఎవరి వంతో అందరికీ ముందే తెలిసిపోతుంది. ఆ వారం ఆ పిల్లలు మాత్రం తప్పకుండా పద్యం చదువుకునే వస్తారు. దీన్ని లోపమనాలో గుణమనాలో తల్లిదండ్రులే చెప్పాలి.