పొట్టి బండి వెనక పడవ: లాగడం కాదు, అదుపులో ఉంచడమే అసలు పని

కువైట్‌లో హౌస్ డ్రైవర్లుగా చేస్తున్న అన్నలు, తమ్ముళ్లు పదే పదే అడిగే మాట ఇది: "బాబా దగ్గర పాత టూ-డోర్ ఫోర్‌వీల్ బండి ఉంది. దాని వెనక తరాద్ తగిలించుకుని ఖైరాన్ షాలేకి తెమ్మంటున్నాడు. పర్వాలేదా?" ఎపిసోడ్‌లో మాట్లాడుకున్న ముఖ్యమైన సంగతులు ఇక్కడ రాసి పెడుతున్నాం. బయల్దేరే ముందు ఫోన్‌లో ఒకసారి చూసుకోండి.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆ బండి లాగుతుంది. ఆ ఇంజన్‌కి బలం తక్కువేం కాదు. లాగినదాన్ని తిన్నగా నడపగలమా, ఆపగలమా అన్నదే ప్రశ్న.

పొట్టి బండితో ఇబ్బంది ఏంటి?

ముందు చక్రాలకి, వెనక చక్రాలకి మధ్య దూరాన్ని వీల్‌బేస్ అంటారు. పాత నిస్సాన్ పాట్రోల్ వై61 టూ-డోర్‌కి అది 2,400 మిల్లీమీటర్లు. అదే మోడల్ ఫోర్-డోర్‌కి 2,970. అర మీటరుకి పైనే తేడా.

ట్రైలర్ తగిలించే బాల్ వెనక ఇరుసుకి సుమారు 1.1 మీటర్లు వెనక ఉందనుకోండి. దాని మీద 100 కిలోలు పడితే, తక్కెడలాగా బండి వెనక దిగి ముందు లేస్తుంది. టూ-డోర్‌లో ముందు చక్రాల మీద 46 కిలోలు తగ్గి, వెనక చక్రాల మీద 146 కిలోలు పెరుగుతుంది. ఫోర్-డోర్‌లో ముందు తగ్గేది 37 కిలోలే. ముందు బరువు తగ్గితే స్టీరింగ్ తేలికైపోతుంది, ముందు బ్రేకులు పట్టు కోల్పోతాయి.

ట్రైలర్ పక్కకి తోసినప్పుడూ ఇదే లెక్క. పైగా పొట్టి బండి బరువు తక్కువ, పొడవు తక్కువ. అందుకే గాలికో, పెద్ద ట్రక్కు పక్కనుంచి దూసుకుపోయినప్పుడో ట్రైలర్ తోక ఊపితే, బండి కూడా దానితోపాటు ఊగుతుంది.

బరువు ఎక్కడుందో చూడండి

తోక ఊపడానికి పెద్ద కారణం వెనక బరువు ఎక్కువ కావడం. పడవకి ఇంజన్ వెనకే ఉంటుంది, చాలావాటికి పెట్రోల్ ట్యాంకు కూడా వెనకే. 200 లీటర్ల పెట్రోల్ అంటే దాదాపు 150 కిలోలు. దాని మీద ఐస్ డబ్బా, నీళ్ల సీసాలు కూడా వెనకే పడేస్తే ట్రైలర్ ముక్కు గాల్లోకి లేస్తుంది.

మొత్తం బరువులో 7 నుంచి 10 శాతం దాకా బాల్ మీద పడాలి. 1,000 కిలోల ట్రైలర్‌కి 70 నుంచి 100 కిలోలు. ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషన్ మీద చెక్కదుంగ పెట్టి, ట్రైలర్ ముక్కుని బాల్ ఎత్తులోనే దాని మీద ఆనిస్తే తెలిసిపోతుంది. బండి మాన్యువల్‌లో ఇచ్చిన హద్దు ఇంకా తక్కువైతే దాన్నే పాటించాలి.

బయల్దేరే ముందు

- బాల్ సైజు, దాన్ని పట్టే కప్పు సైజు రెండింటి మీదా రాసి ఉంటుంది. రెండంగుళాల కప్పులో ఒకటి ముప్పాతిక పైచిలుకు చిన్న బాల్ పెట్టినా లాక్ పడినట్టే కనిపిస్తుంది, గతుకులో ఊడిపోతుంది. లాక్ వేశాక జాకీతో ముక్కు పైకెత్తి చూడండి. బండి వెనక కూడా లేస్తే సరిగ్గా పట్టినట్టు.
- సేఫ్టీ చెయిన్లు ముక్కు కింద అడ్డంగా, ఒకదాని మీద ఒకటి దాటించి తగిలించాలి.
- టైర్ మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి. 2318 అంటే 2018లో 23వ వారం. ట్రైలర్ టైర్లు అరగవు, ఎండకి ఎండి పగులుతాయి.
- ఇసుకలో గాలి తగ్గించి ఉంటే, రోడ్డెక్కే ముందు మళ్లీ నింపాలి. మెత్తటి టైర్లతో పడవ లాగితే ఊపు ఖాయం.
- పాత బండి కింద, బాల్ బిగించిన చోట చాసిస్‌కి ఉప్పు తుప్పు పట్టిందేమో టార్చ్ వేసి చూడండి.
- ఎండాకాలంలో టెంపరేచర్ ముల్లు మీద కన్నుంచండి. ఎక్కుతుంటే ఏసీ ఆపండి, వేగం తగ్గించండి.

ఊగితే ఏం చెయ్యాలి?

యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యండి. స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి. గట్టిగా బ్రేక్ తొక్కొద్దు, ఊపుకి ఎదురు తిప్పుతూ కొట్టుకోవద్దు. వేగం పెంచితే సర్దుకుంటుందనే మాట నమ్మొద్దు. ఊపు ఆగాక పక్కకి తీసి, సామాను ముందుకి జరపండి.

ర్యాంపు దగ్గర

నీళ్లలో దింపే ముందు కాసేపు ఆగాలి. వేడెక్కిన వీల్ బేరింగులు చల్లటి నీళ్లలో మునిగితే లోపలికి ఉప్పునీళ్లు పీల్చుకుంటాయి. లైట్ల ప్లగ్ పీకెయ్యండి. ఫోర్-లో వెయ్యండి, కానీ ఎండిన తారు రోడ్డు మీద మాత్రం మామూలు టూ-వీల్‌లోనే నడపాలి.

పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్, పాత పాట్రోల్ లాంటి బండ్లలో హ్యాండ్‌బ్రేక్ చక్రాలని కాదు, గేర్ల వెనక షాఫ్ట్‌ని పడుతుంది. వెనక ఒక చక్రం పాచి మీద జారితే బండి నీళ్లలోకి దిగిపోవచ్చు. పాట్రోల్‌లో అయితే ఫోర్-లోలో, ముందు హబ్బులు లాక్ చేసి ఉంటే నాలుగు చక్రాలూ కలిసి పట్టుకుంటాయి. అయినా చక్రాల కింద దుంగ పెట్టాకే దిగండి. పని అయ్యాక ట్రైలర్‌ని మంచినీళ్లతో కడగాలి.

రివర్స్‌కి చిట్కా: చెయ్యి స్టీరింగ్ కింది భాగంలో పెట్టండి. చెయ్యి ఎటు జరిపితే ట్రైలర్ తోక అటే పోతుంది. జెట్‌స్కీ ట్రైలర్ చిన్నది కాబట్టి చిటికెలో మడత పడుతుంది. మడత పడబోతుంటే ముందుకి లాగి మళ్లీ మొదలుపెట్టండి.

బాబాకి ఎలా చెప్పాలి?

ఖాదిం వీసా మీద ఉన్నవాడికి "కాదు" అనడం ఎంత కష్టమో మాకు తెలుసు. కానీ యాక్సిడెంట్ అయితే స్టీరింగ్ పట్టుకున్నది మనమే, కేసులో ముందు పేరు మనదే. అందుకే "భయం" అనకండి, కారణం చూపించండి. "తరాద్ థగీల్, బ్రేక్ మూ జేన్" అని, బరువు మిషన్ మీద అంకె, టైర్ మీద తేదీ ఫోన్‌లో ఫొటో తీసి చూపించండి. ఇంట్లో పొడుగు బండి ఉంటే దాంతో తెస్తాననండి. తన పడవ, తన బండి పాడవుతాయంటే ఎవరైనా ఆలోచిస్తారు. ఒప్పుకోకపోయినా, ఆ ఫొటోలు మీ దగ్గర ఉంటాయి. వాటిని చెరిపెయ్యకండి.

మీ బండి, ట్రైలర్ గురించి ప్రశ్నలుంటే వాయిస్ మెసేజ్ పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. జాగ్రత్తగా నడపండి.