కుక్కకు ద్రాక్ష, చింతపండు ఎందుకు ప్రమాదం?

మిగిలిన పులిహోరను కుక్కకు పెట్టడం, నాలుగు కిస్‌మిస్‌లు దాని ముందు వేయడం చాలా ఇళ్లలో మామూలే. మనకు హాని చేయని ఈ పదార్థాలు కుక్క మూత్రపిండాలను దెబ్బతీయగలవు.

ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కొన్ని కుక్కల్లో మూత్రపిండాలు విఫలమవుతున్నాయని అమెరికాలోని పశువైద్యులు 2001లోనే హెచ్చరించారు. కారణం మాత్రం రెండు దశాబ్దాల వరకు అంతుచిక్కలేదు. ఇంట్లో కలిపిన ఆటపిండి తిన్న కుక్కకూ ఇదే జబ్బు రావడంతో ఆధారం దొరికింది. ఆ పిండిలో ద్రాక్ష లేదు. క్రీమ్ ఆఫ్ టార్టార్ ఉంది. ఇది టార్టారిక్ ఆమ్లం నుంచి వచ్చే లవణం. ద్రాక్షలోనూ, చింతపండులోనూ పులుపునిచ్చేది ఈ ఆమ్లమే. చింతపండు తిన్న కుక్కల్లోనూ ఇదే నష్టం కనిపించింది. అందుకే ఈ ఆమ్లమే అసలు కారణం కావచ్చని 2021లో పరిశోధకులు ప్రతిపాదించారు.

కుక్క మూత్రపిండ కణాలు ఈ ఆమ్లాన్ని సరిగా బయటకు పంపలేవని, అది లోపలే పేరుకుని కణాలను చంపుతుందని వారి అంచనా. ద్రాక్ష రకాన్ని, పక్వతను బట్టి ఆమ్లం పాళ్లు మారతాయి. కాబట్టి ఎన్ని పండ్లు తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం.

కుక్క వీటిని తింటే వాంతులు, నీరసం మొదలయ్యేదాకా ఆగకుండా పశువైద్యుని వద్దకు తీసుకెళ్లాలి. విరుగుడు మందు లేదు. త్వరగా కక్కించి, సెలైన్ ఎక్కించడమే చికిత్స. ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి కక్కించడం మరింత ప్రమాదం. పులిహోర కలపకముందే కుక్క కోసం ఉత్త అన్నం పక్కకు తీస్తే సరిపోతుంది.