ఒకే పార్టీ, నలుగురు అభ్యర్థులు: అమెరికాలో మితవాది ఓటు

ఉయ్యూరులోనో గుడివాడలోనో ఒక ఇంటికి అమెరికా నుండి ఫోను వచ్చును. డాలసులో స్థిరపడి అచ్చటి పౌరసత్వము పొందిన కుమారుడు “నాన్నగారూ, ఇప్పుడే ఓటు వేసి వచ్చినాను” అని చెప్పును. “ఎన్నిక నవంబరులో గదా, మార్చిలో ఓటేమిటిరా?” అని తండ్రి అడుగును. 2024లో ఈ సంభాషణ కృష్ణా డెల్టాలో పెక్కు ఇండ్లలో జరిగియుండును. తండ్రి ప్రశ్న సమంజసమైనదే గనుక దానికి సమాధానము చెప్పుటకు మేము ప్రయత్నింతుము.

మన దేశమున పార్టీ టిక్కెట్టు ఎవరికీయవలెనో పార్టీ పెద్దలు నిర్ణయింతురు. టిక్కెట్టు ఆశించువారు పెట్టె సర్దుకొని ఢిల్లీకో హైదరాబాదుకో రైలెక్కుట మనము చూచినదే. అమెరికాలో ఆ నిర్ణయము ఓటర్లది. నవంబరు ఎన్నికకు ముందు, జనవరి మొదలు జూను వరకు, ఒక్కొక్క రాష్ట్రమున ఒక్కొక్క దినమున, ఒకే పార్టీవారు తమలో తాము పోటీపడుదురు. దీనినే ప్రైమరీ అందురు. వచ్చిన ఓట్లను బట్టి అభ్యర్థికి పార్టీ మహాసభలో ప్రతినిధులు లభింతురు. 2024 రిపబ్లికన్ మహాసభకు ప్రతినిధులు 2,429 మంది. అందు 1,215 మందిని సంపాదించినవారికి టిక్కెట్టు.

ఈ అధికారము ఓటర్లకు ఒక్కనాడు చేతికి రాలేదు. 1912లో థియొడోర్ రూజ్వెల్టు ప్రైమరీలలో అధిక భాగము గెలిచినను, మహాసభలో పెద్దలు టాఫ్టునకే టిక్కెట్టు కట్టబెట్టినారు. 1972 నుండి మాత్రమే ప్రైమరీలు నిర్ణాయకములైనవి.

ఇక మితవాది యైన సంప్రదాయవాది ఎవరు? పన్నులు తక్కువగా ఉండవలెననియు, వ్యాపారమునందును వ్యవసాయమునందును ప్రభుత్వము ఎక్కువగా చేయి పెట్టరాదనియు తలచువాడు సంప్రదాయవాది. 1959లో రాజాజీతో కలసి నిడుబ్రోలు వాస్తవ్యులైన ఆచార్య రంగాగారు స్వతంత్ర పార్టీని నెలకొల్పినపుడు, సహకార సమష్టి వ్యవసాయమునకు భయపడి ఆ పక్షము చేరిన డెల్టా రైతులను ఎరిగినవారికి ఈ మనస్తత్వము క్రొత్త కాదు. దానికి తోడు, మార్పు నెమ్మదిగా రావలెననియు, ఎదుటి పక్షముతో రాజీపడుట తప్పు కాదనియు భావించువాడు మితవాది. 1907లో బిపిన్ చంద్రపాల్ బెజవాడలో ఉపన్యసించి పోయిన నాటి నుండి ఈ మాటకు మనవైపు కొంత చిన్నచూపు అంటుకొన్నది. మేము దానిని ఆ భావముతో వాడుట లేదు.

అట్టి ఓటరు 2024లో తూచి చూడవలసి వచ్చినవారు ముఖ్యముగా నలుగురు. మాజీ అధ్యక్షులు ట్రంప్ పక్షమున 2017 నాటి పన్నుల తగ్గింపు ఉన్నది. అయితే 2020 ఎన్నిక ఫలితమును ఆయన అంగీకరింపకపోవుట పెక్కుమంది మితవాదులకు మింగుడుపడలేదు. ఫ్లారిడా గవర్నరు డిశాంటిస్ పాలనానుభవము కలవారు. ఆరు వారములు దాటిన గర్భస్రావమును నిషేధించు శాసనముపై 2023లో సంతకము చేసినవారును ఆయనయే. సౌత్ కరొలైనా మాజీ గవర్నరు నిక్కీ హేలీ పంజాబు నుండి వలసపోయిన సిక్కు దంపతుల కుమార్తె. గర్భస్రావ విషయమున దేశమంతటికి సమ్మతమైన మార్గము వెదకవలెననియు, యుక్రెయినునకు సహాయము మానరాదనియు ఆమె వాదించినారు. యువతరమునకు పదవీ విరమణ వయస్సు పెంచవలెననుట మాత్రము వినుటకు ఇంపైన మాట కాదు. కేరళ నుండి వెళ్ళిన తమిళ కుటుంబమున పుట్టిన వ్యాపారవేత్త వివేక్ రామస్వామి, హెచ్-1బి వీసాల లాటరీని తీసివేసి ప్రతిభను బట్టి వీసాలు ఈయవలెనన్నారు. మన పిల్లలలో పెక్కుమంది ఆ లాటరీలో పేరు వచ్చినందున అచ్చట నిలిచినవారు. ఆ మాట విని ఎవరు సంతోషించిరో, ఎవరు గుబులు పడిరో చెప్పుట కష్టము.

ఓటరు మనస్సుకంటె అతని చిరునామా ముఖ్యమగుట మాకు మరింత వింతగా తోచినది. న్యూహాంప్‌షైరులో ఏ పార్టీలోను నమోదు కానివారును రిపబ్లికన్ ప్రైమరీలో పాల్గొనవచ్చును. టెక్సాసులో పార్టీ నమోదు అనునదే లేదు. ఓటరు ఆనాడు ఏదో ఒక పార్టీ బ్యాలెట్టు కోరుకొనును. పెన్సిల్వేనియాలో ముందుగా రిపబ్లికనుగా నమోదైనవారికే ప్రవేశము. తెలుగువారు అధికముగా నివసించు న్యూజెర్సీలో ప్రైమరీ జూను 4న జరిగినది. పోటీ అంతకు మూడు నెలల క్రిందటనే ముగిసినది!

మితవాదిని ఎక్కువగా బాధించునది ఓట్లు చీలుట. 2016లో సౌత్ కరొలైనా ప్రైమరీలో ట్రంపునకు వచ్చినవి 32.5 శాతము ఓట్లే. మిగిలిన ఓట్లు అయిదుగురి మధ్య పంచుకొనబడినవి. ఆ రాష్ట్రపు 50 మంది ప్రతినిధులును ఆయనకే దక్కినారు. నాకు నచ్చినవానికి ఓటు వేయుదునా, గెలువగలవానికి వేయుదునా అను సందేహము ఇచ్చట పుట్టును.

ఈ లెక్క మన డెల్టా పెద్దలకు బాగుగా తెలిసినదే. 1952లో మద్రాసు రాష్ట్రపు ఆంధ్ర జిల్లాలలో 140 శాసనసభా స్థానములకు కమ్యూనిస్టులు 41, కాంగ్రెసువారు 40 గెలిచినారు. కాంగ్రెసు, ప్రకాశం పంతులుగారి పక్షము, రంగాగారి కృషికార్ లోక్ పార్టీ ఒండొరులతో పోరాడుటయే దీనికి ముఖ్య కారణమని నాయకులు గ్రహించినారు. 1955లో వారు ఏకమై స్థానములు పంచుకొన్నారు. ఫలితముగా 196 స్థానములలో కాంగ్రెసునకు 119, కృషికార్ లోక్ పార్టీకి 22, ప్రజాపార్టీకి 5 లభించినవి. కమ్యూనిస్టులకు 31 శాతము ఓట్లు వచ్చినను 15 స్థానములే మిగిలినవి. ఆ ఐక్యతను కుదిర్చినవారు నాయకులు. ఓటరు పని పెట్టెలో చీటీ వేయుట వరకే. అమెరికాలో నాయకులు అట్లు కూర్చుండి పంచుకొనుట లేదు. ప్రక్కవాడు ఎవరికి వేయునో ఓటరే ఊహించుకొనవలెను.

అయితే 2024లో చీలిక త్వరగానే తొలగినది. జనవరి 15న అయోవాలో ట్రంపునకు 51 శాతము వచ్చినది. తక్కిన ముగ్గురి ఓట్లు కలిపినను అంత లేదు. ఆ రాత్రియే రామస్వామి, 21న డిశాంటిస్ విరమించి ఇరువురును ట్రంపునే సమర్థించినారు. 23న న్యూహాంప్‌షైరులో ముఖాముఖి పోటీ: ట్రంపునకు 54, హేలీకి 43. ఫిబ్రవరి 24న ఆమె సొంత రాష్ట్రముననే 60, 40. చీలికయే కారణమైనచో 1955లో వలె అది పోగానే ఫలితము మారవలసినది. మారలేదు. ఆ పార్టీలో మితవాదులు తక్కువమంది అనుటయే మాకు సరియైన సమాధానముగా కనబడుచున్నది.

డాలసు కుమారుడు మార్చి 5న ఓటు వేసినాడు. ఆనాడు హేలీ గెలిచినది వెర్మాంటు ఒక్కటే. మరునాడే ఆమె పోటీ విరమించినారు. ఏప్రిల్ 23న పెన్సిల్వేనియాలో, ఆమె పోటీలో లేరని ఎరిగియు, లక్షన్నరకు పైగా రిపబ్లికన్ ఓటర్లు ఆమె పేరునకే ఓటు వేసినారు. మే 22న ఆమె తన ఓటు ట్రంపునకే అని ప్రకటించినారు. ఆ లక్షన్నర మంది నవంబరులో మరల మొదటినుండి తూచుకొనవలసి వచ్చినది.