పెట్టుబడికి జెండాపాట ఎక్కడ? కంపెనీల లెక్కల్లో సముచిత విలువ

రేగొండ: పత్తి, మిరప, వరి పండించే ఈ మండలంలో సరకు విలువ అంటే ఏమిటో రైతుకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. విత్తనాలకు, ఎరువులకు, కూలీలకు, కౌలుకు ఎంత ఖర్చయిందన్నది ఒక లెక్క. బస్తాలు పరకాల మీదుగా వరంగల్ ఏనుమాముల యార్డుకు చేరిన రోజున ఖరీదుదారు ఎంత ఇస్తాడన్నది మరో లెక్క. శీతల గిడ్డంగిలో దాచిన మిరప మీద అప్పు ఇచ్చే బ్యాంకు కూడా ఈ రెండో లెక్కనే చూస్తుంది.

కంపెనీలు తమ వద్ద వున్న వాటాలు, బాండ్లు, డిబెంచర్లు, మ్యూచువల్ ఫండ్ యూనిట్లకు విలువ కట్టే తీరు కూడా కొన్నేళ్ళుగా ఈ రెండో లెక్క వైపే మళ్ళింది. దీనినే సముచిత విలువ అంటున్నారు. ఇది పట్నాల్లోని ఆడిటర్ల వ్యవహారమని ఈ ప్రాంతం వారు కొట్టిపారేయడానికి వీల్లేదు. పొరుగునే భూపాలపల్లిలో సింగరేణి గనులున్నాయి. బొగ్గు గని కార్మికుల భవిష్యనిధి సొమ్ములో కొంత ఒక గృహరుణాల కంపెనీ బాండ్లలోకి వెళ్ళి, అందులో సగానికి పైగా మునిగిన ఉదంతం వుండనే వుంది.

పాత పద్ధతి, కొత్త పద్ధతి

పాత పద్ధతిలో దీర్ఘకాలం వుంచుకునే పెట్టుబడిని కొన్న ధరకే చూపేవారు. విలువ శాశ్వతంగా తరిగిపోయిందని తేలితేనే తగ్గించి రాసేవారు. స్వల్పకాలానికి కొన్నదయితే కొన్న ధర, సముచిత విలువలలో ఏది తక్కువో అది రాసేవారు. చిన్న కంపెనీలు ఇప్పటికీ ఈ పద్ధతినే పాటిస్తున్నాయి.

పెద్ద కంపెనీలకు మాత్రం 2016 ఏప్రిల్ 1 నుంచి ఇండ్ ఏఎస్ అనే కొత్త లెక్కల ప్రమాణాలు వచ్చాయి. మొదట 500 కోట్ల రూపాయలు, అంతకు మించి నికర విలువ కలిగిన కంపెనీలకు, 2017 ఏప్రిల్ 1 నుంచి తక్కిన లిస్టెడ్ కంపెనీలకు, 250 కోట్లు దాటిన ఇతర కంపెనీలకు ఇవి వర్తించాయి. బ్యాంకుల పెట్టుబడులకు రిజర్వు బ్యాంకు విడిగా చేసిన కొత్త నిబంధనలు 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి.

ఈ ప్రమాణాలలో 113వది సముచిత విలువకు అర్థం చెబుతుంది. లెక్క కట్టే రోజున, బలవంతం లేని మామూలు బేరంలో, బజారులోని వారికి ఆ ఆస్తిని అమ్మితే చేతికి వచ్చే ధరే సముచిత విలువ. అప్పుల ఒత్తిడికి తెగనమ్మిన ధర దీని కిందకు రాదు. అలాగే యజమాని మనసులో అనుకున్న ధర కూడా రాదు.

మూడు మెట్లు

ఈ ధరను కనుగొనడానికి మూడు మెట్లున్నాయి. మొదటి మెట్టు సులభం. స్టాక్ ఎక్స్ఛేంజీలో రోజూ చేతులు మారే వాటా అయితే, మార్చి 31 నాటి ధరనే తీసుకోవాలి. కంపెనీ వద్ద లక్ష వాటాలు వుండి, ధర 240 రూపాయలు పలికితే, విలువ 2 కోట్ల 40 లక్షలు. లక్ష వాటాలూ ఒక్కసారి అమ్మకానికి పెడితే ధర పడుతుందన్న సాకుతో తగ్గించి రాయడానికి వీల్లేదు.

రెండో మెట్టుకు యార్డులోని జెండాపాట మంచి పోలిక. మేలైన మిరప రాశికి జెండాపాటలో పలికిన ధర ఆ రోజుకు గీటురాయి. తక్కిన రాశులకు రంగు, తేమ, తాలు చూసి, అందులోంచి తగ్గించి బేరం కుదురుతుంది. బాండ్ల సంగతీ అంతే. చాలా కంపెనీల బాండ్లు రోజూ అమ్ముడుపోవు. అందుచేత అదే గడువు గల ప్రభుత్వ పత్రాలపై నడుస్తున్న వడ్డీ రేటును గీటురాయిగా పెట్టుకుని, కంపెనీ పరపతిని బట్టి దానికి మరికొంత వడ్డీ కలిపి ధర కడతారు.

ఉదాహరణకు 100 రూపాయల బాండు, ఏటా 9 శాతం వడ్డీ, మూడేళ్ళ గడువు మిగిలి వుందనుకుందాం. అలాంటి కంపెనీకి అప్పివ్వడానికి బజారు ఇప్పుడు 11 శాతం అడుగుతోంటే, ఆ బాండు విలువ 95 రూపాయల 11 పైసలు మాత్రమే. పత్రం మీద అచ్చయిన వంద మారదు. ఇచ్చేవాడి ధర మాత్రం మారిపోతుంది.

మూడో మెట్టు చిక్కయినది. యార్డుకే రాని సరకుకు ధర కట్టడం వంటిది. సింగరేణి సంస్థనే తీసుకుంటే, దాని వాటాలలో 51 శాతం రాష్ట్ర ప్రభుత్వం వద్ద, 49 శాతం కేంద్రం వద్ద వున్నాయి. వాటికి ఎక్స్ఛేంజీలో ధర లేదు. ఇలా లిస్టింగ్ కాని వాటాలు ఏ కంపెనీ చేతిలో వున్నా, ముందు ముందు వచ్చే రాబడిని అంచనా వేసి, దాన్ని నేటి విలువకు తగ్గించి లెక్క కట్టవలసి వుంటుంది. ఏటా నిలకడగా 10 కోట్లు వచ్చే ఆస్తికి 10 శాతం చొప్పున లెక్కిస్తే విలువ 100 కోట్లు. అదే 12 శాతమైతే 83 కోట్ల పైచిలుకు. ఆస్తిలో ఏ మార్పూ లేకున్నా, రెండు శాతం తేడాకే సుమారు 17 కోట్లు ఆవిరవుతాయి.

అన్నింటికీ ఇదే లెక్క కాదు

ముందే ధర ఒప్పుకుని విత్తన పంట వేసిన రైతుకు యార్డులోని హెచ్చుతగ్గులతో పని లేదు. ఒప్పుకున్న కంపెనీ డబ్బు ఇస్తుందా లేదా అన్నదే అతని బెంగ. అదే విధంగా, అసలు, వడ్డీ మాత్రమే వచ్చే బాండును గడువు తీరేదాకా వుంచుకోవడమే కంపెనీ పద్ధతి అయితే, 109వ ప్రమాణం బజారు ధర అడగదు. బాకీ మునిగే అవకాశం ఎంత వుందో అంచనా వేసి, ఆ మేరకు ముందే నష్టం రాయమంటుంది. అనుబంధ కంపెనీలలోని వాటాలను కొన్న ధరకే చూపే వీలు కూడా వుంది.

సముచిత విలువకు కట్టిన పెట్టుబడుల హెచ్చుతగ్గులు మామూలుగా ఆ ఏటి లాభనష్టాలలో కలుస్తాయి. కొన్ని వాటాల విషయంలో మాత్రం కంపెనీ మొదటే ఎంచుకుంటే, అవి లాభనష్టాలను తాకకుండా విడిగా నిలుస్తాయి. అందువల్ల లాభం అన్న పదం కనిపించగానే అది గల్లాపెట్టెలోకి వచ్చిన సొమ్మే అనుకోరాదు.

దివాన్ హౌసింగ్ పాఠం

దివాన్ హౌసింగ్ ఫైనాన్స్ బాండ్లకు 2019 ఆరంభం దాకా అత్యున్నత రేటింగు వుండేది. అయితే బజారు అంతకు ముందే గుసగుసలు మొదలుపెట్టింది. 2018 సెప్టెంబరులో ఒక మ్యూచువల్ ఫండ్ ఆ కంపెనీ స్వల్పకాలిక పత్రాలను 11 శాతం రాబడి వచ్చే ధరకు, అంటే బాగా తగ్గించి అమ్ముకుంది. ఆ వార్త పొక్కిన సెప్టెంబరు 21న కంపెనీ వాటా ధర ఒక్కరోజులో 42 శాతం పడిపోయింది. 2019 ఫిబ్రవరిలో రేటింగు ఒక మెట్టు దిగింది. జూన్‌లో వడ్డీ చెల్లింపు తప్పగానే అట్టడుగుకు చేరింది. నవంబరులో రిజర్వు బ్యాంకు ఆ కంపెనీ బోర్డును రద్దు చేసింది.

జూన్‌లోనే పలు మ్యూచువల్ ఫండ్లు ఈ బాండ్ల విలువను నాలుగింట మూడు వంతులు కోసి రాసుకున్నాయి. చివరకు 2021లో పిరమల్ సంస్థ సుమారు 34,250 కోట్ల రూపాయలకు కంపెనీని తీసుకుంది. అప్పులవాళ్ళు అడిగింది సుమారు 87 వేల కోట్లు. బొగ్గు గనుల భవిష్యనిధి సంస్థ ఈ కంపెనీలో పెట్టింది 1,390 కోట్ల పైచిలుకు. అందులో 727 కోట్ల పైచిలుకు రద్దు చేయవలసి వచ్చింది. అంటే నూటికి 52 రూపాయలు పోయాయి.

ఇందులో గమనించవలసినవి రెండున్నాయి. రేటింగు కంటే బజారు ధర ముందే మాట్లాడింది. అలాగని బజారు భయంలో వేసిన కోత కూడా సరిగ్గా కుదరలేదు. నాలుగింట మూడు వంతులు పోతుందనుకున్నది, భవిష్యనిధి విషయంలో సగం దాటి ఆగింది.

2008 ప్రపంచ ఆర్థిక సంక్షోభంలోనూ ఇదే వివాదం చెలరేగింది. గాబరాలో పలికిన ధరలకు తమ పత్రాల విలువ కట్టడం అన్యాయమని బ్యాంకులు మొరపెట్టుకున్నాయి. ఆ ఏడాది అక్టోబరులో అంతర్జాతీయ ప్రమాణాల బోర్డు, 2009 ఏప్రిల్‌లో అమెరికా బోర్డు నిబంధనలను కొంత సడలించాయి. కొత్త పద్ధతిని సమర్థించేవారి వాదన వేరు. కాటాను తిట్టినంత మాత్రాన బస్తా బరువు పెరగదని వారంటారు.

వాటాదారు చూడవలసినవి

వార్షిక నివేదిక చివరన వుండే వివరణలలో మూడు మెట్ల పట్టిక తప్పనిసరిగా వుంటుంది. మొదటి మెట్టులో ఎంత, మూడో మెట్టులో ఎంత వుందో ముందు చూడాలి. మూడో మెట్టు బరువు పెరుగుతూ వుంటే, అక్కడ వాడిన వడ్డీ శాతం, రాబడి అంచనాలు చదవాలి. అంచనా మారితే విలువ ఎంత మారుతుందో కూడా కంపెనీ చెప్పవలసి వుంటుంది. ఏదయినా పెట్టుబడి ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు దిగి వుంటే కారణం వెతకాలి. ఆ ఏటి లాభంలో అమ్మి సంపాదించినది ఎంత, విలువ పెంచి రాసుకున్నది ఎంత అన్నది విడదీయాలి.

కాగా, కంపెనీల చట్టం కింద వచ్చిన ఈ ప్రమాణాలు 1948 చట్టం కింద నడిచే బొగ్గు గనుల భవిష్యనిధికి వర్తించవు. కార్మికుని ఖాతాలో అసలు, దానిపై జమ చేసిన వడ్డీ కనిపిస్తాయి. వెనుక వున్న బాండ్లు నేడు అమ్మితే ఎంత పలుకుతాయన్నది ఆ కాగితంలో వుండదు. లక్షలాది కుటుంబాల సొమ్ము ఏయే పత్రాలలో వున్నదీ, వాటికి నేటి ధర ఎంతన్నదీ ఏటేటా చెప్పించుకోగలిగితే, రేటింగు పడిపోయేదాకా ఆగకుండానే ప్రశ్న అడిగే వీలుంటుంది. సరకు యార్డుకు చేర్చే ముందు ఆ పూట జెండాపాట ఎంతో కనుక్కోవడం రైతుకు అలవాటే. పెట్టుబడి విషయంలోనూ ఆ అలవాటు అక్కరకు వస్తుంది.