జన్యువుల జాబితా వచ్చాక

కణితి నుంచి చిన్న ముక్క, పక్కనున్న మామూలు కణజాలం నుంచి మరో ముక్క తీసి, ఏ జన్యువు ఎక్కడ ఎంత చురుగ్గా ఉందో కొలిస్తే చివరికి మిగిలేది తేడా చూపిన జన్యువుల జాబితా. రెండు మూడు వందల పేర్లు. ఒక్కో పేరు మీద అచ్చయిన పాత పత్రాలన్నీ చదవాలంటే నెలలు పడుతుంది. టీపీ53 లాంటి పేరున్న జన్యువు ఒక్కదాని మీదే వేల పత్రాలున్నాయి. పైగా పరిశోధకుడికి కావలసింది విడివిడి పేర్లు కాదు, అవన్నీ కలిసి కణంలో ఏ పనికి పూనుకున్నాయన్నది.

అది కంప్యూటర్ చెప్పాలంటే ముందు అందరూ ఒకే మాట వాడాలి. 1998లో పండ్ల ఈగ, ఈస్ట్, చిట్టెలుక డేటాబేస్‌లు నడిపేవాళ్లు కలిసి జీన్ ఆంటాలజీ అనే ఉమ్మడి పదజాలం మొదలుపెట్టారు. జన్యువు తయారుచేసే ప్రోటీన్ అణుస్థాయిలో ఏం చేస్తుంది, ఏ జీవప్రక్రియలో పాలుపంచుకుంటుంది, కణంలో ఎక్కడుంటుంది అని మూడు కోణాల్లో పదాలు కూర్చారు. పదాలకు వంశవృక్షం లాంటి అల్లిక ఉంది కాబట్టి గ్లూకోజ్ విచ్ఛిన్నం కింద చేరిన జన్యువు చక్కెరల జీవక్రియ కిందకీ వస్తుంది. జన్యువుకు ఇలా పదం తగిలించడమే ఆనొటేషన్. తగిలించిన ప్రతిచోటా ఆధారం ఏమిటో తెలిపే గుర్తు కూడా ఉంటుంది. ఐడీఏ అని ఉంటే ప్రయోగంలో నేరుగా తేలిందని. ఐఈఏ అని ఉంటే మనిషి విడిగా సరిచూడకుండా కంప్యూటర్ చేర్చిందని. చాలామంది ఈ గుర్తుల వైపు కన్నెత్తి చూడరు. చూడాలి.

ఇక లెక్క. మనిషిలో ప్రోటీన్ తయారుచేసే జన్యువులు సుమారు 20,000. వాటిలో 400 వాపుకు సంబంధించినవనుకుందాం. మన జాబితాలో 200 పేర్లుంటే, యాదృచ్ఛికంగా పడినా వాటిలో నాలుగు వాపు జన్యువులు ఉండాలి. తొమ్మిది కనిపించాయి. కేవలం కాకతాళీయంగా తొమ్మిదో అంతకన్నా ఎక్కువో వచ్చే అవకాశం వందలో రెండు. ఇలా లెక్కగట్టేది రొనాల్డ్ ఫిషర్ పేరుతో ఉన్న పరీక్ష. వాపు జన్యువులు మేల్కొన్నాయని రాసేయొచ్చు అనిపిస్తుంది.

ఆగాలి. ఆ కణజాలంలో అసలు పనిచేసే జన్యువులు 10,000 మాత్రమే అయి, వాపు జన్యువుల్లో 380 అందులోనే ఉంటే? అప్పుడు యాదృచ్ఛికంగానే ఏడెనిమిది రావాలి. తొమ్మిదో అంతకన్నా ఎక్కువో రావడం మూడుసార్లకు ఒకసారి జరిగే మామూలు సంగతి. జాబితా మారలేదు, దేనితో పోల్చామన్నది మారిందంతే. కాలేయపు జాబితాను మొత్తం జన్యువులతో పోలిస్తే కాలేయం పనులే బయటపడతాయి. అందులో కనుక్కున్నదేమీ లేదు. ఇంకో చిక్కు, పరీక్షించే పదం ఒకటి కాదు. ఐదు వేల పదాలను వందకు ఐదు తప్పులు సరే అనే కొలతతో పరీక్షిస్తే, అసలు విశేషమేమీ లేకున్నా 250 దాకా నెగ్గుతాయి. దీన్ని అదుపు చేసే పద్ధతిని బెంజమినీ, హోచ్‌బెర్గ్ 1995లో ఇచ్చారు.

పోలికకు తీసుకున్న నేపథ్యం ఏది, తప్పుల సవరణ ఏది, ఆధారాల్లో వేటిని వదిలేశారు? ఇవన్నీ కనిపించాలంటే కోడ్ తెరిచి ఉండాలి. 2001లో మొదలైన బయోకండక్టర్ ఇలాంటి ఓపెన్ సోర్స్ ప్యాకేజీల భాండాగారం. ఆర్ భాషలో నడుస్తుంది, ఏడాదికి రెండు విడుదలలు. అందులోని క్లస్టర్‌ప్రొఫైలర్ ఈ పనికి బాగా వాడుకలో ఉంది. పైథాన్ వాళ్లకు గోఏటూల్స్ ఉంది. క్లస్టర్‌ప్రొఫైలర్‌లో యూనివర్స్ అనే చోట ఏమీ రాయకపోతే ఆనొటేషన్ ఉన్న జన్యువులన్నిటినీ అదే నేపథ్యంగా తీసుకుంటుంది. అజాగ్రత్తను ఓపెన్ సోర్స్ ఆపలేదు. కానీ ఆ ఖాళీని ఎలా వదిలారో చదివేవాడు పట్టుకోగలడు.

ఆనొటేషన్ల తేదీ సంగతి ఇంతకన్నా పెద్దది. ఎంతో పేరున్న డేవిడ్ అనే ఉచిత వెబ్ సాధనంలోని ఆనొటేషన్లు 2010 తర్వాత 2016 దాకా కొత్తవి కాలేదు. నేచర్ మెథడ్స్‌లో 2016లో వచ్చిన ఒక పరిశీలన, 2015 నాటి సుమారు 3,900 పత్రాల్లో 67 శాతం పాతబడ్డ సాఫ్ట్‌వేర్‌నే పేర్కొన్నాయని తేల్చింది. కొత్త ఆనొటేషన్ పట్టికలతో దొరికే ప్రక్రియల్లో ఆ పాతవాటికి అందింది 26 శాతమే. కోడ్ తెరిచి ఉంటే పట్టిక దానంతటదే తాజా అయిపోదు. అయితే బయోకండక్టర్‌లో పట్టిక కూడా వెర్షన్ సంఖ్య ఉన్న ప్యాకేజీయే కనుక, అదే జాబితాను పాతదాని మీద, కొత్తదాని మీద నడిపి తేడా చూసుకోవచ్చు.

పట్టికే పలచగా ఉన్న జీవుల విషయంలో పట్టికను మనమే ఎంచుకునే ఈ స్వేచ్ఛ మరీ అక్కరకొస్తుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నాయకత్వంలో వెలువడిన కంది జన్యుక్రమంలో 48,680 జన్యువులు ఉంటాయని అంచనా కట్టారు. వాటిలో చాలావాటి పనిని ఎవరూ కందిలో ప్రయోగించి చూడలేదు. ఇతర మొక్కల ప్రోటీన్లతో పోలికను బట్టి అనుకున్నదే. క్లస్టర్‌ప్రొఫైలర్‌కు ఏ జన్యువు ఏ పదం కిందకు వస్తుందో రెండు వరసల్లో రాసిచ్చినా చాలు, లెక్క చేసిపెడుతుంది. ఆ వరసలు ఎక్కడి నుంచి తేవాలన్నదే ప్రశ్న. మొక్కల్లో అన్నిటికన్నా ఎక్కువ తెలిసిన అరబిడాప్సిస్ ఆవాల కుటుంబపు కలుపు మొక్క. దాని వేళ్ల మీద రైజోబియం బ్యాక్టీరియా ఉండే బొడిపెలు రావు. అలాంటి బొడిపెలతో నత్రజని పట్టే కంది వేళ్ల గురించి అడగాలంటే మెడికాగో, లోటస్ అనే పప్పుజాతి మొక్కల పట్టికల దగ్గరకు వెళ్లాలి.